బంగారు ఎథీనా ఉండగా కొత్త వస్త్రం కొయ్య ఎథీనాకు ఎందుకు?

కొండవీటి_చదువరి
ఏథెన్సులో ఎథీనా దేవత గుడి అయిన పార్థెనాన్ మీద తెలుగులో వచ్చే వ్యాసాలన్నీ ఒకే మూసలో ఉంటున్నాయి. ఫిడియాస్ మలచిన ఎథీనా, సుమారు 12 మీటర్ల ఎత్తు, దంతపు ఒళ్ళు, బంగారు వస్త్రం, క్రీ.పూ. 438లో ప్రతిష్ఠ అని చెప్పి అక్కడితో ముగించేస్తారు. ఏథెన్సు జనమంతా ఆ విగ్రహానికే మొక్కుకున్నట్టు పాఠకుడు అనుకుంటాడు. అయితే క్రీ.శ. 2వ శతాబ్దపు యాత్రికుడు పౌసానియస్ రాసింది చదివితే వేరే సంగతి తెలుస్తోంది. గుడి ఉన్న అదే అక్రోపొలిస్ కొండ మీద, కూతవేటు దూరంలో, ఒక పాత ఎథీనా విగ్రహం ఉండేదట. ఆకాశం నుంచి పడిందని జనం చెప్పుకునే ఆ విగ్రహమే అన్నిటికన్నా పవిత్రమైనదని ఆయన స్పష్టంగా అంటున్నాడు. అది ఒలీవ కొయ్యతో చేసినదని ఇతర ప్రాచీనుల మాట. స్నానం చేయించిందీ, పానథెనాయా అనే ఎథీనా ఉత్సవంలో నేసిన వస్త్రం సమర్పించిందీ ఆ కొయ్య విగ్రహానికే అంటారు. అలాంటప్పుడు అంత బంగారం పోసి రెండో విగ్రహం ఎందుకు చేయించారు? అది దేవతా, లేక కేవలం చూపరుల కోసం పెట్టినదా?

లెక్కల_పద్దు
నా దృష్టిలో అది ఖజానా. థుసిడిడీస్ చరిత్ర రెండో పుస్తకం చూడండి. క్రీ.పూ. 431లో స్పార్టాతో యుద్ధం ముంచుకొచ్చినప్పుడు ఏథెన్సు నాయకుడు పెరిక్లీస్ నగరం చేతిలో ఉన్న ధనాన్ని సభకు లెక్క చెబుతూ, విగ్రహం మీద 40 టాలెంట్ల మేలిమి బంగారం ఉందనీ, అదంతా ఊడదీయడానికి వీలుగానే అమర్చారనీ అంటాడు. ఏథెన్సు టాలెంటు సుమారు 26 కిలోలు, కాబట్టి వెయ్యి కిలోల పైమాటే. పైగా ఫిడియాస్ బంగారం కాజేశాడని ఆరోపణ వచ్చినప్పుడు, రేకులు విప్పి తూకం వేసుకొమ్మని పెరిక్లీస్ సవాలు చేశాడని ప్లూటార్క్ రాశాడు. గుడిలోని వస్తువుల జాబితాను కోశాధికారులు ఏటేటా అప్పగించుకునేవారు, ఆ జాబితాలను రాళ్ళ మీద చెక్కించారు. ఇంత లెక్కాపత్రం ఉన్నచోట భక్తిని వెతకడం నాకు అనవసరంగా కనిపిస్తుంది.

రాతిగుడి
పద్దు గారు ఆ ప్రసంగాన్ని సగం దగ్గర ఆపేశారు. ఆ బంగారం వాడుకుంటే, వాడుకున్నదానికి తక్కువ కాకుండా తిరిగి చేయించాలని పెరిక్లీస్ అక్కడే షరతు పెట్టాడు. అంతే కాదు, ఆ యుద్ధకాలంలో ఏథెన్సు ప్రభుత్వం ఎథీనా నిధి నుంచి తీసుకున్న అప్పులకు వడ్డీ కూడా లెక్కగట్టింది. ఆ లెక్కల శాసనం ఇప్పటికీ ఉంది. ఆస్తి దేవతదనీ, తాము అప్పు తీసుకుంటున్నామనీ నమ్మేవాళ్ళు చేసే పని అది. తన సొంత డబ్బాలోంచి తీసుకున్న డబ్బుకు ఎవరూ వడ్డీ రాసుకోరు.

చింతచిగురు
మన దగ్గర ఏడుకొండలవాడే కుబేరుడికి ఇంకా వడ్డీ కడుతున్నాడు. అక్కడ అమ్మవారే ఊరికి అప్పిచ్చిందన్నమాట. ఏ దేవుడి ఆర్థిక స్థితి మెరుగో పద్దు గారే తేల్చాలి.

లెక్కల_పద్దు
ఎథీనాదే మెరుగు, సందేహం లేదు. అయితే వసూలు సంగతి మాత్రం అడగకండి. క్రీ.పూ. 3వ శతాబ్దం మొదట్లో లాఖరీస్ అనే నియంత ముట్టడిలో చిక్కుకొని, ఆమె ఒంటి మీద తీయగలిగిన బంగారమంతా తీసుకొని ఉడాయించాడు.

టెనెస్సీ_తాయారు
నేను నాష్‌విల్ దగ్గర ఉంటాను. ఇక్కడ పార్థెనాన్‌కు పూర్తి కొలతల నకలు ఉంది. మొదట 1897 ప్రదర్శన కోసం కట్టారు, తర్వాత కాంక్రీటుతో శాశ్వతంగా కట్టారు. లోపల ఎథీనా విగ్రహాన్ని 1990లో పెట్టారు, 2002లో బంగారు పూత వేశారు. పుస్తకంలో 12 మీటర్లని చదవడం వేరు, ఆ పాదాల దగ్గర నిలబడి తల పైకెత్తడం వేరు. ఆమె అరచేతిలో నిలబడిన విజయదేవత నైకీయే నాకన్నా పొడుగు. మేము మొదటిసారి వెళ్ళినప్పుడు మా అబ్బాయి తనంతట తానే చెప్పులు విప్పాలా అని అడిగాడు. అది కాంక్రీటు హాలు, అక్కడ ఏ పూజా జరగదు. అయినా చిన్నపిల్లవాడికి అలా అనిపించిందంటే, ఆ రోజుల్లో తూర్పు వాకిలి తలుపులు తెరిచినప్పుడు నమ్మకం ఉన్నవాడికి ఏమనిపించి ఉంటుందో ఊహించండి. ఖజానా అన్న మాట నాకు మింగుడుపడలేదు.

రాతిగుడి
తాయారు గారి అనుభవాన్ని కాదనను గాని, గ్రీకు ఆచారంలో దేవతకు ఏం చేసేవారన్నదే అసలు గీటురాయి అని నా అభిప్రాయం. కొయ్య విగ్రహానికి ప్లింటీరియా అనే స్నానపు పండుగ ఉండేది. ప్రాక్సియెర్గిదాయి అనే వంశపు వాళ్ళు దేవత నగలు తీసి, వస్త్రం విప్పి, విగ్రహాన్ని కప్పి ఉంచేవారు. దేవత పనిలో లేని రోజు కనుక ఏథెన్సులో దాన్ని అశుభ దినంగా లెక్కించి, ముఖ్యమైన పనులేవీ పెట్టుకునేవారు కాదు. ఏళ్ళ తరబడి ప్రవాసంలో గడిపిన ఏథెన్సు సేనాని ఆల్కిబియడీస్ పీపుల కొద్దీ ఓడలతో, గెలుపులతో సొంత రేవుకు తిరిగి వచ్చింది సరిగ్గా ఆ రోజే. జనం జేజేలు కొట్టినా, దేవత అతనికి ముఖం చాటేసిందని కొందరు గొణుక్కున్నారు. జెనోఫోన్ ఈ సంగతి ప్రస్తావించాడు, ప్లూటార్క్ విస్తరించి రాశాడు. ఒక కొయ్య విగ్రహం ఆ రోజు కప్పబడి ఉండడం ఒక సేనాని భవిష్యత్తు మీద నీడ పరిచింది. ఫిడియాస్ విగ్రహం గురించి ఇలాంటి కథ ఒక్కటైనా చూపించగలరా? దాని గురించి రాసినవాళ్ళంతా ఎత్తు రాశారు, బరువు రాశారు, డాలు మీది యుద్ధ దృశ్యాల్లో ఫిడియాస్ తన ముఖాన్ని ఇరికించాడన్న గొడవ రాశారు.

ఇంకొకటి కూడా గమనించాలి. క్రీ.పూ. 480లో పర్షియన్లు వస్తున్నారని ఊరు ఖాళీ చేసి పిరేయస్ రేవుకు దిగుతున్నప్పుడు, దేవత విగ్రహం మీది గోర్గాన్ అనే రాక్షసి తల బొమ్మ పోయిందని, దాన్ని వెతికే నెపంతో సామాన్లు సోదా చేశారని ప్లూటార్క్ చెబుతాడు. అంటే ఊరు వదిలిపోయేటప్పుడు దేవతను వెంట తీసుకొని పోగలిగారన్నమాట. ఎత్తుకొని పోగలగడం కూడా ఒక దైవ లక్షణమే.

చింతచిగురు
"పీపుల కొద్దీ ఓడలు" కొత్త కొలమానం. పద్దు గారూ, టాలెంట్లలోకి మార్చి చెప్పండి.

అంచు_నేత
వస్త్రం విషయంలో నాదొక సందేహం, నేతపనితో పరిచయం ఉన్నదాన్ని కనుక అడుగుతున్నాను. పెద్ద పానథెనాయా ఉత్సవం నాలుగేళ్ళకొకసారి జరిగేది. అప్పుడు ఆ వస్త్రాన్ని చక్రాల మీద నడిచే ఓడకు తెరచాపలా కట్టి ఊరేగించేవారని చదివాను. దేవతలకూ రాక్షసగణానికీ జరిగిన యుద్ధాన్ని అందులో నేసేవారట. తొమ్మిది నెలల ముందే మగ్గం మీద పడుగు పెట్టేవారు. తెరచాపంత బట్ట, ఎత్తుకొని పోగలిగే కొయ్య విగ్రహానికి ఎలా తొడుగుతారు?

రాతిగుడి
సరైన చోట పట్టుకున్నారు. పండితుల్లో ఒక వర్గం రెండు వస్త్రాలు ఉండేవని అంటుంది. ఒకటి ఏటా నేసే, ఒంటికి సరిపడే వస్త్రం, రెండోది నాలుగేళ్ళకొకసారి నేసే భారీ తెర. పార్థెనాన్ తూర్పు వైపు శిల్ప పట్టికలో, నడిమధ్య ఒక పెద్దమనిషి, ఒక పిల్ల కలిసి మడత పెడుతున్న బట్ట విగ్రహానికి పెట్టే వస్త్రమేనని ఎక్కువమంది అభిప్రాయం.

కొండవీటి_చదువరి
అంటే వస్త్రం సమర్పణను ఒక గుడి గోడ మీద చెక్కి, వస్త్రాన్ని మాత్రం పక్క గుడిలో సమర్పించారు. నా ప్రశ్న ఇంకా ముదిరింది.

దారిన_పోయేవాడు
రాతిగుడి గారి గీటురాయి ఏథెన్సుకు సరిపోవచ్చు గాని, గ్రీసు అంతటికీ సరిపోదు. ఒలింపియాలో ఫిడియాస్ చేసిన దేవతల రాజు జ్యూస్ విగ్రహం కూడా బంగారం, దంతమే. అక్కడ దానికి పోటీగా పాత కొయ్య విగ్రహమేమీ గర్భగుడిలో కూర్చోలేదు. కూర్చున్న జ్యూస్ గనక లేచి నిలబడితే గుడి కప్పు ఎగిరిపోతుందని స్ట్రేబో అన్నాడు. అది ఎత్తిపొడుపు కావచ్చు, అబ్బురపాటు కావచ్చు. ఒలింపియా చిత్తడి నేల కనుక దంతం చెడకుండా విగ్రహం ముందు నూనె నిలిపేవారని, గాలి పొడిగా ఉండే అక్రోపొలిస్ మీద నీళ్ళు పెట్టేవారని పౌసానియస్ వివరంగా రాశాడు. ఆ జ్యూస్ విగ్రహాన్ని శుభ్రం చేసే హక్కు ఫిడియాస్ వంశీకులది. పనికి దిగేముందు వాళ్ళు ఎథీనాకు బలి ఇచ్చేవారు. శిల్పి వారసులే అర్చక పరివారంలో భాగమైపోయారు. కళ ఒక పక్క, పూజ మరో పక్క అని గీత గీసేవాళ్ళు దీనికి జవాబు చెప్పాలి.

ఇక చూసినవాళ్ళ మాట. క్రీ.పూ. 167లో మాసిడోనియాను గెలిచిన రోమన్ సేనాని ఎమీలియస్ పౌలస్ ఒలింపియాకు వచ్చి, జ్యూస్‌కు రోమన్ రూపమైన జూపిటర్‌ను ఎదురుగా చూసినట్టు చలించిపోయాడని లివీ రాశాడు. వచ్చింది పరాయి దేశపు సైనికుడు, ఒలింపియా స్నానాలు, వస్త్రాలు, వంశాలు అతనికి అక్కర్లేదు. అతన్ని కదిలించింది ఫిడియాస్ పనితనమే. ఆ రూపాన్ని ఎక్కడి నుంచి తెచ్చావని అడిగితే, ఇలియడ్ మొదటి సర్గలో కనుబొమ్మ ఆడించి ఒలింపస్ కొండను కంపింపజేసే జ్యూస్ నుంచి తెచ్చానని ఫిడియాస్ చెప్పినట్టు కథ ఉంది. హోమర్ చెప్పినదాన్ని కంటికి చూపించినవాడిని అలంకారాల పనివాడిగా లెక్కకట్టడం అన్యాయం.

రాతిగుడి
పౌలస్ కదిలిపోయాక ఏం చేశాడో కూడా చెప్పండి. బలి ఏర్పాటు చేయించాడు. ఆ బలి ఎక్కడ జరగాలి? గర్భగుడిలో కాదు, ఆరుబయట బలిపీఠం దగ్గర. ఒలింపియాలో జ్యూస్ బలిపీఠం రాయి కాదు, చలువరాయి కాదు, ఉట్టి బూడిద. కాల్చిన తొడ ఎముకల బూడిదే తరతరాలుగా పేరుకొని 22 అడుగుల ఎత్తయిందని పౌసానియస్ కొలత. ఫిడియాస్ పుట్టకముందే ఆ దిబ్బ అక్కడ ఉంది. విగ్రహం లేకపోయినా క్రతువు నడుస్తుంది, పీఠం లేకపోతే నడవదు. నేను అందాన్ని తక్కువ చేయడం లేదు, వరసలో ఏది ముందో చెబుతున్నాను.

పప్పుచారు
అడ్డు వచ్చినందుకు ఏమనుకోకండి. దేవుడికి తొడ ఎముకలు మాత్రమేనా? మాంసం ఎవరికి?

రాతిగుడి
మాంసం మనుషులకే. ఎముకల్ని కొవ్వులో చుట్టి కాల్చేవారు, ఆ పొగ దేవతలకు. గుండె, కాలేయం లాంటివి ఊచకు గుచ్చి కాల్చి అక్కడే రుచి చూసేవారు, మిగిలింది ఉడికించి పంచేవారు. ఈ అన్యాయమైన పంపకానికి హెసియడ్ ఒక కథ చెప్పాడు. మనుషుల పక్షాన ఉన్న ప్రొమీథియస్ ఎద్దును రెండు కుప్పలు చేసి, ఎముకల కుప్పను తళతళలాడే కొవ్వుతో కప్పి, ఏది కావాలో ఎంచుకొమ్మని జ్యూస్‌ను అడిగాడు. జ్యూస్ మోసం కనిపెట్టి కూడా ఆ కుప్పనే తీసుకొని, ఆ కోపంతో మనుషులకు నిప్పు దక్కకుండా చేశాడు.

పప్పుచారు
పైకి నిగనిగలాడేదాన్ని ఎంచుకుంటే లోపల ఎముకలు. ఈ చర్చలో ఇది ఎవరి పక్షానికి ఉపయోగపడుతుందో నాకు తెలియదు గాని, బాగుంది.

చింతచిగురు
ఈ పేచీని వ్యంగ్య రచయిత లూషియన్ క్రీ.శ. 2వ శతాబ్దంలోనే నాటకంగా రాశాడు. దేవతలంతా సభకు వస్తారు. ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలన్న సమస్య వస్తుంది. తయారైన పదార్థాన్ని బట్టి బంగారం ముందు, తర్వాత వెండి, దంతం, కంచు, రాయి అని జ్యూస్ ఆజ్ఞ. కుక్క మొహపు ఈజిప్టు దేవుడు బంగారం కనుక ముందు వరసకు పోతాడు, కంచు పొసైడన్‌కు మండిపోతుంది. తనను హోమర్ బంగారు తల్లి అన్నాడని అఫ్రొడైటీ వాదిస్తే, హెర్మీస్ ఆమెను ఎగాదిగా చూసి, నువ్వు చలువరాయివి, వెనక్కి వెళ్ళు అంటాడు. ఇదే లూషియన్ మరోచోట ఫిడియాస్ పెద్ద విగ్రహాల లోపలికి తొంగిచూసి, దూలాలు, మేకులు, కీలు, వాటి మధ్య కాపురం పెట్టిన ఎలుకలు ఉన్నాయని చెప్పాడు.

దారిన_పోయేవాడు
ఆ ఎలుకలు తర్వాత క్రైస్తవ రచనల్లోనూ వచ్చాయి. క్రీ.శ. 4వ శతాబ్దం చివర అలెగ్జాండ్రియాలో సెరాపిస్ దేవుడి మహావిగ్రహం తలను గొడ్డలితో పగలగొడితే ఎలుకల గుంపు బయటికి పరుగెత్తిందని థియొడొరెట్ రాశాడు. నవ్వించడానికి రాసిన మాట రెండు వందల ఏళ్ళు తిరిగేసరికి వాదంలో ఆయుధమైంది. విగ్రహానికి మొక్కడం ఇంటి గోడలతో మాట్లాడడం లాంటిదని హెరాక్లిటస్ అంతకు చాలా ముందే అన్నాడు, అయితే ఆయన మాట విని ఏ ఊరూ గుడి మూయలేదు.

ఏడుకొండల_రోము
గ్రీకుల సంగతి సరే, రోమన్లకు ఈ గందరగోళం తక్కువ. మొదటి 170 ఏళ్ళకు పైగా రోమ్ విగ్రహాలు లేకుండానే దేవతలను కొలిచిందని వారో (Varro) అనే రోమన్ పండితుడు రాశాడు. విగ్రహాలు వచ్చాక వాటితో వ్యవహారం చాలా సూటిగా నడిచింది. క్రీ.పూ. 399లో అంటురోగం వచ్చినప్పుడు దేవతల బొమ్మలను పాన్పుల మీద పడుకోబెట్టి విందు పెట్టారు. క్రీ.పూ. 396లో వేయి (Veii) అనే నగరాన్ని గెలిచినప్పుడు అక్కడి జూనో దేవత విగ్రహాన్ని రోముకు తరలించాల్సి వచ్చింది. స్నానం చేసి తెల్లబట్టలు కట్టుకున్న యువకుల్లో ఒకడు, సరదాకో, నిజంగానో, "జూనో, రోముకు వస్తావా?" అని అడిగితే, విగ్రహం తల ఊపిందని మిగతావాళ్ళు కేక వేశారు. లివీ ఈ కథ చెబుతూనే తనకు పూర్తి నమ్మకం లేదన్న ధోరణిని దాచుకోలేదు. కాపిటల్ కొండ మీది జూపిటర్ ముఖానికి పండుగ రోజుల్లో సింధూరం పూసేవారు. పదవిలోకి వచ్చిన సెన్సర్లు అనే రోమన్ అధికారులు మొట్టమొదట చేయించే పనుల్లో అదొకటని ప్లినీ చెబుతాడు.

టెనెస్సీ_తాయారు
జూనోను అడిగి తీసుకుపోయారు సరే, అడగకుండా తీసుకుపోవాలని చూసినవాళ్ళ మాటేమిటి?

ఏడుకొండల_రోము
రోమన్ చక్రవర్తి కలిగులా ఆ ప్రయత్నం చేశాడు. పేరున్న దేవతా విగ్రహాలన్నిటినీ రోముకు తెప్పించి, తలలు తీసేసి తన తల పెట్టించాలని అతని కోరిక. వాటిలో ఒలింపియా జ్యూస్ ఒకటి. విప్పడానికి పనివాళ్ళు వెళ్తే విగ్రహం ఒక్కసారిగా పగలబడి నవ్వింది, పరంజా కూలింది, పనివాళ్ళు పరుగు లంకించుకున్నారు అని సుయెటోనియస్ రాశాడు. రాతిగుడి గారు ఫిడియాస్ విగ్రహం గురించి కథ ఒక్కటైనా చూపమన్నారు. ఎథీనాది కాదు గాని, ఫిడియాస్‌దే ఇది.

అంచు_నేత
విగ్రహాల మహిమలకు సౌందర్యంతో సంబంధం లేదనడానికి థాసోస్ ద్వీపపు థియాజెనీస్ కథ ఉంది. అతడు పేరుమోసిన మల్లుడు. చనిపోయాక, అతనంటే పడని ఒకడు రోజూ రాత్రి వచ్చి అతని కంచు విగ్రహాన్ని కొరడాతో కొట్టేవాడు. ఒక రాత్రి విగ్రహం పడి వాడు చచ్చాడు. కొడుకులు విగ్రహం మీద హత్యానేరం మోపారు. ఊరివాళ్ళు చట్ట ప్రకారం దాన్ని దేశబహిష్కారం చేసి సముద్రంలో పడేశారు. తర్వాత పంటలు పోయాయి, డెల్ఫీ గుడికి వెళ్ళి దేవవాణిని అడిగితే బహిష్కృతులను వెనక్కి పిలవమని వచ్చింది, చివరికి అది జాలర్ల వలలో పడి ఒడ్డుకు చేరింది. తిరిగి నిలబెట్టి దేవుడికి చేసినట్టు బలులు ఇచ్చారు, రోగాలు కుదురుస్తాడని పేరు వచ్చింది. ఇది పౌసానియస్ చెప్పిన కథ అని తీసేయడానికి లేదు, ఎందుకంటే థాసోస్ తవ్వకాల్లో అతని పేరిట రాతి హుండీ దొరికింది. బలి ఇచ్చేవారు ఒక ఒబొల్ నాణేనికి తగ్గకుండా వేయాలని దాని మీద చెక్కి ఉంది.

చింతచిగురు
ముద్దాయి, ప్రవాసి, వైద్యుడు, చివరికి హుండీ. ఇంత ఉద్యోగ చరిత్ర ఒలింపస్ దేవతల్లో కూడా ఎవరికీ లేదు.

పప్పుచారు
మామూలు జనం లోపలికి వెళ్ళి ఈ విగ్రహాలను చూడగలిగేవారా?

దారిన_పోయేవాడు
ఊరిని బట్టి, దేవతను బట్టి మారేది. ఒలింపియాలో పైకి ఎక్కి జ్యూస్‌ను దగ్గరగా చూడడానికి మెట్ల దారి ఉండేది. సికియోన్‌లో అఫ్రొడైటీ గుడిలోకి మాత్రం ఇద్దరు స్త్రీలకు తప్ప ఎవరికీ ప్రవేశం లేదు, మిగిలినవారంతా వాకిలి దగ్గర నిలబడి మొక్కుకోవాల్సిందే.

కొండవీటి_చదువరి
రాతిగుడి గారు అడిగిన కథ నాకు ఇప్పుడు దొరికింది, అదీ పార్థెనాన్ ఎథీనా గురించే. క్రీ.శ. 5వ శతాబ్దంలో ఏథెన్సులో ప్రోక్లస్ అనే తత్త్వవేత్త ఉండేవాడు. ఆయన జీవితాన్ని శిష్యుడు మరైనస్ రాశాడు. పార్థెనాన్‌లోని విగ్రహాన్ని అక్కడి నుంచి తొలగించిన కాలంలో, ఒక అందమైన స్త్రీ ప్రోక్లస్ కలలో కనిపించి, ఏథెన్సు దేవి నీ ఇంట్లో ఉండాలనుకుంటోంది, త్వరగా ఇల్లు సిద్ధం చెయ్యి అని చెప్పిందట. గుడిలోంచి పంపించేస్తే భక్తుడి ఇంటికి వచ్చి ఉంటానన్నది నగరపు ఖజానా కాజాలదు.

లెక్కల_పద్దు
ప్రతిష్ఠ జరిగిన 900 ఏళ్ళకు వచ్చిన కల అది. అప్పటికి కొండ మీద మిగిలిన దేవత ఆమె ఒక్కతే అయితే, అందరి భక్తీ ఆమె ఖాతాలోనే జమవుతుంది. పెరిక్లీస్ కాలానికి సాక్ష్యంగా దీన్ని నేను ఒప్పుకోను.

టెనెస్సీ_తాయారు
పద్దు గారూ, లాఖరీస్ బంగారం తీసుకొని పోయాడని మీరే చెప్పారు. నాలుగు శతాబ్దాల తర్వాత పౌసానియస్ వచ్చి చూసి, విగ్రహం బంగారం, దంతంతో ఉందని రాశాడు. అంటే మధ్యలో ఎవరో మళ్ళీ తొడిగించారు. అప్పటికి ఏథెన్సుకు సామ్రాజ్యం లేదు, కప్పం కట్టే మిత్ర నగరాలూ లేవు. ఆ ఖర్చును మీ లెక్కలో ఏ పద్దు కింద రాస్తారు?

లెక్కల_పద్దు
మరమ్మతుల కింద.